హాల్వర్ నింపిన తూటాలు

అమెరికాలోని మాంటానా కొండల్లో ఒకరు ఇంట్లో మందు కూరి నింపుకున్న తూటాను ఇంకొకరు చచ్చినా కాల్చరు. ఒక్క హాల్వర్ ట్వేట్ తూటాలకే ఆ పట్టింపు లేదు. నలభై ఏళ్లుగా ఆ లోయలో సగంమంది ఆయన నింపినవే వేటకు పట్టుకెళ్లేవాళ్లు. ఆ పేరంటే ఆయనకు మహా గర్వం. ఆ గర్వమే కొంప ముంచింది.

నవంబరు మొదటి ఆదివారం ఆయన చిన్ననాటి నేస్తం ఎమెట్ రాస్క్, భార్య వెర్నాతో ఎల్క్ దుప్పుల వేటకెళ్లాడు. హాల్వర్ నింపిన తూటాల్లో రెండు బాగానే పేలాయి. మూడోదానికి రైఫిల్ ఎమెట్ చేతుల్లోనే బద్దలైంది. కర్ర నిలువునా చీలింది, ఉక్కు బీటలిచ్చింది, అతని చెంపలో పుల్లలు గుచ్చుకున్నాయి. కళ్లు దక్కడమే అదృష్టం. ఆ రైఫిల్ ఎమెట్ వాళ్లమ్మది.

ఆ మూడోది కాల్చబోయే ముందే, వాగు దాటుతుంటే ఎమెట్ రైఫిల్ మోస్తున్న వెర్నా కాలు జారింది. గొట్టం మూతి మంచులో దిగబడింది. శుభ్రంగా తుడిచానంది.

"తుడిచావు, నా తలకాయ!" అన్నాడు ఎమెట్. గొట్టంలో మంచు అడ్డుపడే పేలిందని తేల్చేశాడు. ఊరూ నమ్మింది.

ఆ సాయంత్రమే హాల్వర్ అదే విడతలో నింపిన తూటాలు కొన్ని విప్పి, మందు కాగితం మీద పోసి చూశాడు. రైఫిల్ మందు సన్నటి పుల్లల్లా ఉంటుంది. కొన్ని తూటాల్లో వాటి మధ్య నల్లటి పలుచని రేకులు కనబడ్డాయి. పిస్తోలు మందు! అది గుప్పున మండుతుంది, రైఫిల్ తట్టుకోలేదు. అప్పుడు గుర్తొచ్చింది. సెప్టెంబరులో పిస్తోలు తూటాలు నింపి, మిగిలిన మందు డబ్బాలో తిరిగి పోస్తుంటే ఫోన్ మోగింది, ఆ ధ్యాసలో రైఫిల్ మందు డబ్బాలో పోసేశాడు. బల్లమీద ఒక్క డబ్బానే ఉంచాలని ఊరందరికీ నూరిపోసిన మనిషి ఆ రోజు రెండు పెట్టుకున్నాడు.

మర్నాడు ఇంటింటికీ తిరిగి, మందు పాతబడిందని అబద్ధమాడి తూటాలన్నీ వెనక్కి తెచ్చుకున్నాడు. ఎమెట్‌కు మాత్రం చెప్పలేకపోయాడు. రేపు చెబుదామనుకున్నాడు. ఆ రేపు రానేలేదు.

గురువారం ఎమెట్ వాళ్లింట్లో భోజనం.

"ఈవిడ చేతికి గరిటె ఇవ్వాలన్నా భయంగా ఉందిరా హాల్వర్!" అని ఎమెట్ నవ్వాడు.

వెర్నా నవ్వలేదు. "ఇంకొంచెం వెయ్యనా?" అని హాల్వర్‌ను అడిగింది. వేయించుకున్నాడు! తలొంచుకుని మాంసం పులుసు రెండోసారి కూడా తిన్నాడు. ఛీ, ఏం మనిషండీ!

రైఫిల్ పేలిన పదహారో రోజున దాణా కొట్లో ఎవరో అన్నారు, వెర్నా ఇక వేట మానేసిందట, సొంత రైఫిల్ మేనకోడలికి ఇచ్చేసిందట. ముప్పై ఏళ్లు మొగుడితో సమానంగా కొండలెక్కిన మనిషి. హాల్వర్ కొనాల్సిందేదో మరిచిపోయి తిన్నగా వాళ్లింటికి బండి తోలాడు.

"మంచు కాదు. నా మందే. డబ్బాలు తారుమారు చేశాను" అన్నాడు, నిలబడే.

ఎమెట్ చెంపమీది గాయం తడుముకున్నాడు. "సర్లేరా, ఎవరికి రాదు పొరపాటు?" అన్నాడు.

"ఎప్పుడు తెలిసింది?" అని అడిగింది వెర్నా.

"ఆ ఆదివారమే."

ఎమెట్ మొహం మాడిపోయింది. "దీన్ని నేనెన్ని మాటలన్నానురా! నా ఎదురుగానే కూర్చుని తిన్నావు కదరా!"

"ఆ మాటలు పోనీ. తుడిచానో లేదో నాకే అనుమానం వచ్చేసింది హాల్వర్. నా చేతుల్ని నేనే నమ్మడం మానేశాను" అంది వెర్నా.

"నీ రైఫిల్ తిరిగి అడుగుదాం" అన్నాడు ఎమెట్.

"ఎలా అడుగుతాను? నిన్న దాంతోనే మేనకోడలు తన మొదటి దుప్పిని కొట్టింది. ఫోన్లో సంతోషం పట్టలేక ఏడ్చింది."

హాల్వర్ వెర్నా వైపు తిరిగాడు. "నాది తీసుకో వెర్నా. నా దగ్గరున్న వాటిల్లో మంచిది ఇస్తాను."

వెర్నా ఆయన్ని తేరిపార చూసింది. "దాంట్లోకి తూటాలు ఎవరు నింపుతారు?" అంది.

ఆ మాటలో వెటకారం లేదు. నిజంగానే అడిగింది.