పద్నాలుగో చీటీ

పెద్ద ఆసుపత్రి వెనక, బాయిలర్ గదిని ఆనుకుని, ఆవిరికి గోడలు ఎప్పుడూ చెమర్చి ఉండే పొడవాటి హాల్లో లాండ్రీ ఉంది. వార్డుల నుంచి వచ్చే దుప్పట్లూ గౌన్లూ తువ్వాళ్ళూ అక్కడే ఉతుకుతారు, ఆరబెడతారు, ఇస్త్రీ చేస్తారు, చిరిగితే కుడతారు. ఆఖరికి వాటిని మూటలు కట్టి, ఏ మూట ఏ వార్డుదో రాసి పంపేది మూటల బాబాయ్. ఆయన వేసిన ముడి ఆయన విప్పితేనే ఊడుతుందనీ, అందుకే నర్సులు కత్తెర పెట్టుకుని తిరుగుతారనీ ఒక అపవాదు ఉంది. అపవాదేం కాదు, నిజమే.

బాబాయ్ అని పిలుపే గానీ, ఆయన ఎవరికీ బాబాయ్ కాడు. అన్నగారికి పిల్లలు లేరు. భార్య పోయి ఆరేళ్ళయింది. ఒంటిగదిలో కాపురం. సాయంత్రం తాళం తీసి లోపలికి వెళ్ళాక మళ్ళీ పొద్దున లాండ్రీలో "నమస్తే మేడమ్" అనేదాకా ఆయన నోరు విప్పే పనే ఉండదు. ఒక్కోసారి పొద్దున్నే గొంతు సవరించుకోకుండా మాట్లాడితే మొదటి మాట పెగలదు కూడా.

ఈ ఏడాది చివర్లో మేడమ్‌కి ఒక బుద్ధి పుట్టింది. మేడమ్ అంటే లాండ్రీ సూపర్‌వైజరు. ఆవిడకి బుద్ధి పుట్టిందంటే పద్నాలుగు మందికీ పని పడిందన్నమాటే.

"ఆఖరి పనిదినం మధ్యాహ్నం మిషన్లు ఆపేస్తాం. అందరం కూర్చుని టీ తాగుదాం. ఒకరికొకరు బహుమతులిచ్చుకుందాం. కొన్న వస్తువు తెచ్చారో, గేటు బయటే ఆపేస్తా! ఇంట్లో పడున్న వాటితో, మీ చేత్తో మీరు చేసిందే తేవాలి. తినేదైనా సరే, వాడుకునేదైనా సరే. ఎవరు ఎవరికి చెయ్యాలో చీటీల్లో తేలుతుంది. పుచ్చుకున్నవాళ్ళు, చేసిందెవరో కనిపెట్టి చెప్పాలి."

చీటీలు రాసే పని బాబాయ్‌కి అప్పగించింది. ఆయన చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. రోజూ పొద్దున్నే, మేడమ్‌తో సహా ఎవరు ఏ పనిలో ఉన్నారో గోడ బోర్డు మీద రాసేది ఆయనే. బాబాయ్ తలెత్తి బోర్డు చూస్తూ ఒక్కో పేరూ ఒక్కో చీటీ మీదికి ఎక్కించాడు, మడిచాడు, బిస్కట్ల డబ్బాలో వేశాడు. అందరూ వచ్చి తలొకటి తీసుకున్నారు. చీటీ విప్పి కొందరు నవ్వారు, ఇస్త్రీ బావ మాత్రం మొహం మాడ్చాడు. ఆఖర్న బాబాయ్ డబ్బాలో చెయ్యి పెట్టాడు. వేళ్ళకి చల్లటి రేకు తగిలింది. చుట్టూ ఒకసారి తడిమాడు. ఏమీ లేదు.

బోర్డు మీద పదమూడు పేర్లే ఉంటాయి. మూటల బల్ల దగ్గర ఎవరుంటారో ఎవరికీ చెప్పక్కర్లేదు గనక, పదకొండేళ్ళుగా ఆయన తన పేరు ఆ బోర్డు మీద రాసుకోలేదు. వాగు దాటాక అందర్నీ లెక్కపెట్టి తనను మాత్రం మరిచిపోయిన వెర్రిబాగులవాడి కథ చిన్నప్పుడు విని పొట్ట చెక్కలయ్యేలా నవ్వినవాడే. ఇప్పుడు నవ్వు రాలేదు. ఖాళీ పిడికిలి బిగించి, అందులో ఏదో ఉన్నట్టే జేబులో పెట్టుకున్నాడు. ఎవరూ చూడలేదు.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. ఇక్కడ వడ్డించిందీ ఆయనే, కడబంతిలో కూర్చున్నదీ ఆయనే. విస్తరి మాత్రం ఖాళీ.

"నా పేరు రాయడం మరిచిపోయానర్రా" అని అప్పుడే అనేస్తే నలుగురూ నవ్వేసి ఇంకో చీటీ రాసేవాళ్ళు, గొడవ వదిలేది. అడగందే అమ్మయినా పెట్టదు కదా! కానీ అడిగి పెట్టించుకున్న తిండితో కడుపు నిండదని బాబాయ్ నమ్మకం. శుద్ధ మొండి నమ్మకం. దానికి తోడు ఒక చిన్న ఆశ కూడా ఉంది. ఎవరో ఒకరికి అనుమానం రాకపోతుందా, "అవునూ, బాబాయ్ పేరు ఎవరికొచ్చింది?" అని అడక్కపోతారా అని. రెండు రోజులు చూశాడు. హాలంతా గుసగుసలే. ఒకరి వెనక ఒకరు కొలతలు తీసుకుంటున్నారు, ఒకరి ఇష్టాలు ఇంకొకరి దగ్గర ఆరా తీస్తున్నారు. మరమ్మతు బల్ల దగ్గర కూర్చునే కుట్టక్కయితే అందరి దగ్గరా నారింజ తొక్కలు అడిగి సంచిలో వేసుకుంటోంది. ఎండబెట్టి పళ్ళపొడి చేసుకుంటుంది కాబోలనుకున్నాడు బాబాయ్. ఆయన పేరు మాత్రం ఎవరి నోటా రాలేదు.

మూడో రోజుకి ఆశ పోయి భయం మిగిలింది. ఆ మధ్యాహ్నం అందరి చేతుల్లోనూ పొట్లాలుంటాయి, తన చేతిలో ఉండదు. మేడమ్ "అయ్యో" అంటుంది. మిగతావాళ్ళంతా "అయ్యో పాపం" అంటారు. బహుమతి లేకపోతే లేకపోయింది, ఆ అయ్యో మాత్రం తను తట్టుకోలేడు. అది జరగకూడదు. అందుకని తన బహుమతి తనే చేసుకుని, పొట్లం కట్టి, తన పేరు రాసి బల్ల మీద పెట్టేద్దామనుకున్నాడు.

అనుకోవడం తేలికే. ఏం చెయ్యాలి?

తన మీద కాస్త ధ్యాస ఉన్నవాళ్ళెవరైనా ఉంటే తనకి ఏం చేసిపెడతారు? ఆ సాయంత్రం గదిలో మంచం మీద కూర్చుని అదే ఆలోచించాడు. మిగతావాళ్ళ సంగతి ఆయనకి కొట్టిన పిండి. ఇస్త్రీ బావకి తీపి కనిపిస్తే చాలు, బాయిలర్ అన్నకి చెవుల్లోకి చలిగాలి పోకూడదు, మేడమ్‌కి కళ్ళజోడు పెట్టిన చోటు గుర్తుండదు. తన విషయానికొచ్చేసరికి ఏమీ తట్టలేదు. తనకి ఏది ఇష్టమో అడిగినవాళ్ళు లేక, ఆ సంగతి తనూ మరిచిపోయాడు. మర్నాటి సాయంత్రం కూడా అలాగే గడిచింది. అప్పుడు భార్య గుర్తొచ్చి చాలా బాధ కలిగింది. ఆవిడుంటే టక్కున చెప్పేది.

చివరికి చొక్కా ఉతుక్కుంటుంటే దొరికింది జవాబు. ప్రతి చొక్కాకీ కుడివైపు అంచున గోధుమరంగు మరక. స్టీలు గ్లాసులో టీ పోసుకుని, వేడికి వేళ్ళు కాలకుండా చొక్కా అంచుతో పట్టుకుంటాడు. తనని రోజూ చూసే మనిషికి అది కనిపించకపోదు. గ్లాసుకి ఒక తొడుగు! చేతనయినవాళ్ళకి అరగంట పని.

బాబాయ్‌కి నాలుగు సాయంత్రాలు పట్టింది. చింకి తువ్వాలు ముక్కలు లాండ్రీలో ఎవరు కావాలంటే వాళ్ళు పట్టుకుపోవచ్చు. మెత్తటి ముక్క ఒకటి తెచ్చి రెండు మడతలు వేశాడు. సన్నదారం లేదు, మూటల చీటీలు కట్టే ముతక ఎర్రదారం ఉంది. సూది వేలికి గుచ్చుకున్నన్నిసార్లు గుడ్డకి గుచ్చుకోలేదు. కుట్లు ఒకటి తూర్పుకీ ఒకటి పడమరకీ పోయాయి. అయినా గ్లాసుకి తొడిగి టీ పోసి పట్టుకుంటే వెచ్చగా ఉంది, కాలలేదు.

చేసిందెవరని అడిగితే ఎవరి పేరు చెప్పాలో కూడా ఆలోచించుకున్నాడు. బాయిలర్ అన్న ఆ రోజు సెలవు పెట్టి చెల్లెలి ఊరికి వెళ్తున్నాడు. తన పొట్లం ముందురోజే ఇచ్చేశాడు. ఊళ్ళో లేని మనిషి కాదనలేడు కదా. అన్న ఇద్దరికి చేశాడేమో అనుకుంటారు, అంతే.

ఆఖరి పనిదినం రానే వచ్చింది. మిషన్లు ఆగేసరికి హాలు చెవులు మూసేసినట్టు నిశ్శబ్దమైపోయింది. మడతల బల్ల మీద తెల్లదుప్పటి పరిచి పొట్లాలన్నీ పేర్చారు. పాత పేపర్లు, మందుల అట్టపెట్టెలు, పిల్లల నోటుపుస్తకాల కాగితాలు చుట్టిన పొట్లాలు. మేడమ్ ఒక్కోటీ తీసి పేరు చదువుతోంది. మేడమ్‌కే అట్టతో చేసిన కళ్ళజోడు స్టాండు వచ్చింది. చేసింది లాండ్రీ బండి డ్రైవరని మొదటిసారే చెప్పేసింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"మూటల బాబాయ్!"

పన్నెండు మంది చూస్తుండగా బాబాయ్ తన పొట్లం తనే విప్పాడు. ఆశ్చర్యపోయాడు కూడా. అద్దం ముందు రెండుసార్లు సాధన చేశాడులెండి.

"చెప్పండి బాబాయ్, ఎవరి పని ఇది?" అంది మేడమ్.

"ఇదా... ఇది మన బాయిలర్—"

తలుపు కిర్రుమంది. చెవులకి మఫ్లరు చుట్టుకుని బాయిలర్ అన్న లోపలికొచ్చాడు.

"చెల్లెలింటికి తాళం మేడమ్! వాళ్ళు అటు ఎవరింటికో పోయారు. రెండు బస్సులు మారి వెనక్కొచ్చాను. టీ అయిపోయిందా?"

 అందరూ బాబాయ్ మొహమే చూస్తున్నారు. చేతిలో తొడుగు, దాని మీద ఎర్రదారం కుట్లు.

"బాయిలర్ అంటారేంటి బాబాయ్?" ఇస్త్రీ బావ నవ్వాడు. "కుట్టిన వస్తువు కదా, మన దగ్గర కుట్టేది ఎవరు?"

"అదే... కుట్టక్క అనబోయి..." అన్నాడు బాబాయ్. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

కుట్టక్క లేచి వచ్చింది. ఆవిడ నోరు ఎలాంటిదో లాండ్రీకంతా తెలుసు. తను వేసిన అతుకు ఎక్కడుందో కనిపెట్టమని డాక్టర్లకే సవాలు విసిరే మనిషి. తొడుగు అందుకుని తిరగేసింది. కుట్ల మీద వేలు నడిపింది. ముతక దారం చూసింది. చివరన ముడి దగ్గర వేలు ఆగిపోయింది. ఆ ముడి ఆ హాల్లో అందరికీ తెలుసు, దగ్గర్నుంచి చూస్తే. ఆవిడ తలెత్తి ఒకసారి బాబాయ్‌ని చూసింది, ఆయన వెనక గోడ మీదున్న బోర్డుని చూసింది. తొడుగు గుప్పిట్లో మూసింది.

"నేనే," అంది.

"ఇదా నువ్వు కుట్టింది? ఇలాగా?" అన్నాడు ఇస్త్రీ బావ.

"చీకట్లో కుట్టాను. మా ఇంట్లో కరెంటు పోయింది. నీకేమైనా నొప్పా?"

అందరూ నవ్వారు. బాబాయ్ కూర్చున్నాడు. 

ఆఖరి పొట్లం ఇస్త్రీ బావది. మందుసీసా కడిగి అందులో నింపిన నారింజ తొక్కల మిఠాయి. పంచదార పలుకులు మెరుస్తున్నాయి. ఒకటి నోట్లో వేసుకుని బావ కళ్ళు మూసుకున్నాడు. "ఇది మేడమ్ పని," అన్నాడు. కాదంది మేడమ్. "డ్రైవరా?" నాది అయిపోయిందిగా అన్నాడు డ్రైవరు. "మరెవరు? చేసినవాళ్ళు లేవండి, మొక్కుతాను."

ఎవరూ లేవలేదు.

బాబాయ్‌కి అప్పుడు వెలిగింది. సంచీ నిండా తొక్కలు. ఒకరికి ఒక్క చీటీ, రెండు బహుమతులు ఒప్పుకుంటే ఆరా తీస్తారు. కుట్టక్క తన తొడుగుని ఒప్పేసుకుంది, ఇంక దీన్ని ఒప్పుకోలేదు. వారం రోజులు చేసిన పని అనాథలా బల్ల మీద పడి ఉంటే, ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

"నేను," అన్నాడు బాబాయ్. పొద్దుటి మొదటి మాటలా పెగల్లేదు. గొంతు సవరించుకుని మళ్ళీ అన్నాడు. "నేనే చేశాను."

"మీరా! చేదు ఎలా పోగొట్టారు బాబాయ్?"

బాబాయ్ సీసాలోకి తొంగి చూశాడు, జవాబు అందులో రాసి ఉన్నట్టు.

"మూడుసార్లు నీళ్ళు మార్చి ఉడికించారట," అంది కుట్టక్క కిటికీ వైపు నుంచి తల తిప్పకుండా. "నాతో చెప్పారులే. మూడు కూడా కాదు, నాలుగు."

"నాలుగు," అన్నాడు బాబాయ్.

ఇస్త్రీ బావ వచ్చి ఆయన్ని గట్టిగా కావలించుకున్నాడు. ఆరేళ్ళలో ఒక మనిషి ఆయన్ని అలా పట్టుకోవడం అదే మొదటిసారి. అది తనది కాని మిఠాయికి దక్కిందని తెలిసినా, వెంటనే వదిలించుకోవాలనిపించలేదు.

టీలు అయ్యాయి. మూడు రోజుల సెలవు. అందరూ సంచులు సర్దుకుని వెళ్ళిపోయారు. గేటు దగ్గర కుట్టక్క ఆగి, ఆయన కోసం చూస్తోంది. తొడుగు ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది.

"అది ఇలా ఇస్తావా?" అన్నాడు బాబాయ్, మొహమాటంగా.

"ఇవ్వను. నేను కుట్టానని నలుగురిలో ఒప్పుకున్నాక ఈ కుట్లతో వదిలేస్తే నా పరువేం కావాలి? విప్పేసి మళ్ళీ కుడతాను." గోటితో ముడిని రెండుసార్లు గీకింది. "ఇదొక్కటీ మీరే విప్పాలి. నా తరం కాదు."

బాబాయ్ విప్పాడు. రోజుకి నలభై మూటలు కట్టే వేళ్ళు ఆ చిన్న ముడి దగ్గర చాలాసేపు తడబడ్డాయి.  ఆవిడ ఏమీ అడగలేదు. అయ్యో అనలేదు. తొడుగు సంచిలో వేసుకుని రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"వచ్చే ఏడాది చీటీలు నేను రాస్తాను."

ఇంటికొచ్చి తాళం తీసి, బాబాయ్ టీ పెట్టుకున్నాడు. గది ఎప్పటిలాగే ఉంది, మాట్లాడేవాళ్ళు లేరు, ఇంకా మూడు రోజులు ఉండరు. పొగలు కక్కుతున్న గ్లాసుని ఎప్పటిలాగే చొక్కా అంచుతో పట్టుకున్నాడు. తొడుగు కుట్టక్క దగ్గరుంది.