అందరం ఒకటే, బడులు తప్ప

అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో నది ఒడ్డున ఉన్న ఆ ఊరి కౌన్సిల్లో వెర్డెల్ గెయిన్స్ తొమ్మిదో వార్డు సభ్యురాలు. ఊళ్ళో ఎక్కువమంది నల్లవాళ్ళు, చుట్టూ ఉన్న కౌంటీలో, అంటే జిల్లాలో, ఎక్కువమంది తెల్లవాళ్ళు. రెంటినీ కలిపి ఒకే ప్రభుత్వం చెయ్యాలన్న ఉద్యమానికి టాడ్ హాస్కెల్ పెద్ద. ఉద్యమం పేరు ‘ఒక్కటవుదాం’. టాడ్ ఉండే కాలనీకి గేటుంది, గేటుకి కాపలావాడున్నాడు. భోజనానికి పిలుపందుకుని వచ్చిన వెర్డెల్ కారు డిక్కీ కూడా అతను తెరిపించి చూశాడు.

“కోపం వస్తే నవ్వు. నీ నవ్వు చూసి వాళ్ళే జడుసుకుంటారు” అని భర్త లూషస్ ముందే చెప్పి పంపాడు.

“రా రా, వెర్డెల్” అన్నాడు టాడ్ గుమ్మంలోనే. చర్చిలో పాస్టరు కూడా ఆమెను మిసెస్ గెయిన్స్ అనే పిలుస్తాడు. ఆమె తల్లినైతే ఆవిడ పోయేదాకా తెల్లవాళ్ళ పసిపిల్లలు సైతం పేరుపెట్టే పిలిచారు. వెర్డెల్ నవ్వింది.

గోడకి ఆఫ్రికా కొయ్య ముసుగొకటి వేలాడుతోంది. మేకు మాత్రం కొత్తది, ఇవాళే కొట్టినట్టుంది.

టాడ్ భార్య మేరీబెత్ చికెన్ వడ్డించింది. ఉప్పు సంగతి దేవుడెరుగు. పక్కింటి క్రెయిగ్ ఊరికే తల ఊపుతూ తింటున్నాడు. టాడ్ కొత్త వార్డుల మ్యాపు పరిచాడు. తొమ్మిదో వార్డు నాలుగు ముక్కలైంది. ఒక్కో ముక్కా ఒక్కో తెల్లవాళ్ళ పేటకి అతుక్కుంది. తమ మనిషిని గెలిపించుకోగల ఆ వార్డు కోసం వెర్డెల్ తండ్రి తరం కోర్టుల చుట్టూ చెప్పులరగదీసింది. అది దక్కాకే ఆ వీధులకి మురుగు కాలవలొచ్చాయి.

“కేకులా కోశాం. అందరికీ తలో ముక్క” అన్నాడు టాడ్.

“కేకుని అడిగారా?” అంది వెర్డెల్. “ఇలా కోస్తే నాలుగు చోట్లా ఓడిపోతాం మేం.”

“నేనసలు రంగే చూడను, వెర్డెల్.”

“చూడకుండానే గీత సరిగ్గా మా ఇళ్ళ మధ్యనుంచి గీశారా? మంచి చెయ్యే మీది.”

టాడ్ గొంతు తగ్గించాడు. “గురువారం కౌన్సిల్ సభలో మా పక్కన నిలబడి, కలవాలని ఒక్కమాట చెప్పు చాలు. డిప్యూటీ మేయరు పదవి నీదే.”

“పోలీసులు కలుస్తారా?”

“కలుస్తారు.”

“చెత్తబళ్ళు?”

“అవీ కలుస్తాయి.”

“బడులు?”

మేరీబెత్‌కి ఉన్నట్టుండి వంటింట్లో పని గుర్తొచ్చింది.

“బడులు... అది కాస్త సున్నితమైన విషయం” అన్నాడు టాడ్.

“చెత్త కలవచ్చు, పిల్లలు కలవకూడదు. బడులు కూడా కలుపుతామని రాయండి మిస్టర్ హాస్కెల్, రేపే మీ పక్కన నిలబడతా.”

“అలా రాస్తే మావాళ్ళు ఓటెయ్యరు.”

“మీవాళ్ళంటే ఎవరు?”

“మేం కాదులే. పక్కింటివాళ్ళు.”

అందరూ క్రెయిగ్‌ వైపు చూశారు.

“నేను కాదు,” అన్నాడు క్రెయిగ్, “మా అవతలింటివాళ్ళు.”

ఆ వీధికి క్రెయిగ్ ఇల్లే ఆఖరు. అవతలంతా గోల్ఫ్ మైదానం.

వెర్డెల్ కంచం పక్కకి నెట్టింది. ఈసారి నవ్వలేదు.

“గురువారం వస్తాను. వద్దని చెప్పడానికొస్తాను. ఆలోపు మా వార్డులో ప్రతి చర్చికీ వెళ్ళి ఈ మ్యాపు సంగతి చెప్తాను.”

“కోప్పడకు, వెర్డెల్. మనమంతా ఒకే కుటుంబం.”

“కుటుంబమైతే పంపకాలప్పుడు పిలవాలి,” అంది ఆమె లేస్తూ, “పంపకాలయ్యాక భోజనానికి కాదు.”