తలుపు తీసే ఉపాయం అడుగున ఉంది

ఇలా దగ్గరికి జరిగి కూర్చో తల్లీ, ఆ ఫోను కాసేపు బోర్లా పెట్టు. తలుపుకి అవతల ఒక పసిపిల్ల, నిప్పులా కాలుతున్న ఇస్త్రీపెట్టె. ఇవతల ఇద్దరు ఆడవాళ్ళు, ఒక ఫోను. ఇదీ సంగతి. అయితే ఆ తలుపు దాకా వెళ్ళాలంటే ముందు ఆ ఫోనులో ఏముందో నీకు తెలియాలి.

తాళాలు బాగుచేసే ఒకాయన ఉండేవాడు. అందరికీ తాళాలాయన. ఆయన భార్యని ఇంట్లో కోడలనే అనేవారు, మనకీ కోడలే. వీధి మలుపులో ఆయన కొట్టు ఈగలు తోలుకుంటూ ఉండేది. అలాగని జనం తాళంచెవులు పారేసుకోవడం మానలేదు. మునుపు పారేసుకున్నవాడు వీధిలోకి వచ్చి అడిగేవాడు, ఇప్పుడు జేబులో ఉన్న ఫోనుని అడుగుతున్నాడు. ఆ ఫోనులో తాళాలాయన లేడు. ఉండేలా చెయ్యాలని కోడలు కంకణం కట్టుకుంది. తాళాల సంగతులు తప్ప మరొకటి లేని ఒక చిన్న వెబ్‌సైట్ పెడదామనుకుంది.

ఏ మాటని ఎంతమంది వెతుకుతున్నారో చెప్పే సరంజామా డబ్బున్నవాళ్ళది. కోడలిది ఉత్తచేతుల వ్యవహారం. ఫోనులో వెతికే చోట ‘తాళం’ అని కొట్టి, దాని పక్కన అ పెట్టేది, ఆ పెట్టేది, పిల్లలకి అక్షరాలు దిద్దించినట్టు చివరిదాకా వెళ్ళేది. ఒక్కో అక్షరానికీ జనం అడిగే ప్రశ్నలు బిలబిలమంటూ కింద దిగేవి. తాళాల కొట్టు ఎక్కడుందని అడిగేవాళ్ళు బోలెడు, వాళ్ళకి జవాబిచ్చే పెద్ద కంపెనీలూ బోలెడు. ఆ తొక్కిసలాటలో తన పేజీకి నిలబడే చోటు లేదు. కానీ ‘తలుపు’ అని మొదలుపెట్టేసరికి వేరే గొంతులు వినిపించాయి. తలుపు లోపల గడియ పడితే ఎలా తీయాలి. పాప గదిలో ఉండగా తలుపు లాక్ అయింది. ముసలాయన స్నానాలగదిలో ఉన్నాడు, తలుపు రావడం లేదు. వీటికి మన భాషలో తిన్నగా జవాబు రాసిన నాథుడు లేడు.

“ఊళ్ళోవాళ్ళ ఏడుపులన్నీ నీ ఫోనులోకే వస్తున్నాయా?” అని అడిగింది అత్తగారు.

“వస్తున్నాయత్తయ్యా. పక్కింటాయనకి చెప్పుకోలేనివి కూడా దీనికి చెప్పుకుంటున్నారు.”

“చెప్పుకోనీ. వినడానికి డబ్బులేం అడగదుగా. నువ్వు మాత్రం కూరలో ఉప్పు వెయ్యడం మర్చిపోకు, దానికి జవాబు నీ ఫోనులో దొరకదు.”

కోడలు నవ్వేసి మళ్ళీ ఫోను పట్టుకుంది. వెబ్‌సైట్‌కి చవకలో దొరికిన పేరొకటి కొంది, ఊరికే ఇచ్చే రెడీమేడ్ అచ్చులో పేజీ కట్టింది. తలుపు తీసే పద్ధతి మొగుణ్ణి అడిగి రాసుకుంది. అది నాలుగు ముక్కల్లో అయిపోయింది. ఇక్కడే వచ్చింది చిక్కు. ఉచితంగా పాఠాలు చెప్పే వీడియో మేష్టారొకడు, వ్యాసం ఎంత పొడుగుంటే వెతికినప్పుడు అంత పైకొస్తుందని, వెతికే మాట ప్రతి శీర్షికలోనూ రావాలని నూరిపోశాడు. కోడలు సాగదీసింది. తలుపంటే ఏమిటి, తలుపు ఎందుకు, తాళాల చరిత్ర, మంచి తాళం ఎంచుకోవడం ఎలా, ఇలా ఒకదాని నెత్తిన ఒకటి పేర్చి, అసలు ఉపాయాన్ని ఏడో శీర్షిక కింద కూర్చోబెట్టింది. తాళాలాయన చదువుతూ సగంలో ఆవలించాడు. “బాగానే ఉందిలే” అని ఫోను తిరిగిచ్చేశాడు.

నిజంగానే ఆ పేజీ పాక్కుంటూ పాక్కుంటూ పైకెక్కింది. వెతికినవాడికి మొదట అదే కనిపించసాగింది. వచ్చినవాళ్ళు మాత్రం గుమ్మంలో కాలుపెట్టినట్టే పెట్టి వెళ్ళిపోతున్నారు. ఎందుకు పోతున్నారో కోడలికి అంతుపట్టలేదు. పోయేవాళ్ళని ఆపడానికి అడ్డంగా ఒక పెట్టె పెట్టమన్నాడు మేష్టారు. పెట్టింది. ‘మా కొత్త వ్యాసాల కోసం మీ ఈమెయిల్ ఇవ్వండి’ అని అడిగే పెట్టె. ఇదంతా తన పనేనని బయట ఎవరికీ చెప్పలేదు, నలుగురూ నవ్వుతారని.

ఆ మధ్యాహ్నం అత్తగారు ఇంట్లో లేదు. కోడలు తన పిల్లని మేడమీద బట్టలు కుట్టే అక్కకి అప్పగించి బజారుకి వెళ్ళింది. సంచీ మోసుకుంటూ మెట్లెక్కుతుంటే పైనుంచి వణుకుతున్న గొంతు వినిపించింది. ఎవరో ఏదో చదువుతున్నారు.

“ఇంటికి తలుపు అందం. తలుపుకి తాళం అందం. అనాదిగా మానవుడు...”

కోడలి కాళ్ళు మెట్టుమీదే ఆగిపోయాయి. ఆ మాటలు తనవి. ఆ పేజీ ఎవరైనా ఎప్పుడు తెరుస్తారో తనకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. సంచీ అక్కడే వదిలేసి పరుగెత్తింది.

కుట్టుగది తలుపు మూసి ఉంది. గుండ్రటి పిడి, లోపల బొత్తం నొక్కితే పడిపోయే తాళం. అక్క ఫోను మొహానికి ఆనించుకుని చదువుతోంది, చెంపలు తడిసిపోయి ఉన్నాయి.

“చెల్లీ, నన్ను తిట్టకు. దారప్పెట్టె తెద్దామని ఇవతలికొచ్చాను, పిల్ల తలుపు వేసుకుని బొత్తం నొక్కేసింది. ఇస్త్రీపెట్టె బల్లమీదే ఉంది. కరెంటు మెయిన్ ఆపేశాను. ఆపితే మాత్రం కాలిన ఇనుము అప్పుడే చల్లారుతుందా? తీగ కిందికి వేలాడుతోంది, కత్తెరా అక్కడే ఉంది.”

గదికి కిటికీ లేదు. కరెంటు పోయి లోపల చీకటి. పిల్ల ఏడుస్తోంది. కోడలు మొగుడికి ఫోను చేసింది. మోగుతోంది, ఎత్తడం లేదు. ఎక్కడో ఇనప్పెట్టె డ్రిల్ చేస్తున్నాడు, చెవి పక్కన ఉరుము ఉరిమినా వినపడదు. తలుపు ఇవతలికి తెరుచుకునేది, తోస్తే లాభం లేదు.

“అమ్మ ఇక్కడే ఉంది బంగారూ. కింద చూడు, నా వేళ్ళు. పట్టుకో” అంది కోడలు, తలుపు కింది సందులోంచి వేళ్ళు దూర్చి. కాసేపటికి చిన్న వేళ్ళు వచ్చి తగిలాయి. ఏడుపు వెక్కిళ్ళలోకి దిగింది.

“చదువక్కా. కింద ఉంటుంది, కిందికి పో.”

“ఏం కింద? ఇక్కడ తాళాలు ఎవరు కనిపెట్టారో ఉంది.”

“ఇంకా కిందికి.”

“మంచి తాళం ఎంచుకోవడం ఎలా అట. ముందు ఇది ఊడితే కదా ఇంకోటి ఎంచుకునేది.” అక్క వేలు గబగబా కదిలింది. “అయ్యో, ఏదో అడ్డమొచ్చింది. ఈమెయిల్ ఇమ్మంటోంది.”

“మూలన ఇంటూ గుర్తు ఉంటుంది, నొక్కు.”

“చీమ తలకాయంత ఉందది, నా వేలికి అందట్లేదు.”

కోడలు ఎడంచేత్తో ఫోను లాక్కుంది. తను పెట్టిన పెట్టెని తనే మూయలేక మూడుసార్లు పొడిచింది. మొగుడు చెప్పింది తన చేత్తోనే రాసింది, కానీ ఆ చేత్తో ఎన్నడూ చెయ్యలేదు. ఒక్క ముక్కా గుర్తురావడం లేదు. పెట్టె పోయింది. ఏడో శీర్షిక వచ్చింది. ‘పిడి నడుమ చిన్న రంధ్రం ఉంటుంది. సన్నటి గట్టి కమ్మీ తిన్నగా దూర్చి నొక్కితే లోపలి బొత్తం ఊడుతుంది.’

సన్నటి గట్టి కమ్మీ. తాళాలాయన సంచీలో గుత్తులుగా ఉంటాయి, తాళాలు బాగుచెయ్యని ఇంట్లో ఎక్కడుంటాయి? అది రాయాలని ఆయనకీ తోచలేదు, అడగాలని ఈవిడకీ తోచలేదు. జడపిన్ను తీసి దూర్చింది. గడ్డిపరకలా వంగిపోయింది.

“నీ సూదులు?”

“సూదులన్నీ లోపలే చెల్లీ.”

అప్పుడు కోడలి వేళ్ళమీంచి ఆ చిన్న వేళ్ళు జారిపోయాయి. “బంగారూ” అని పిలిచింది. జవాబు లేదు. లోపల ఏదో దబ్బున పడింది. వెంటనే గుడ్డ కాలిన కమురు వాసన తలుపు కిందినుంచి వచ్చింది.

అక్క గోడకి చేరగిలబడిపోయింది. కోడలి కళ్ళు మాత్రం ముందుగదిలో దండెం మీదికి వెళ్ళాయి. కుట్టడం అయిపోయిన చొక్కాలు ఇనుప హ్యాంగర్లకి వేలాడుతున్నాయి. ఒకటి లాగి చొక్కా విసిరేసింది. మెడ దగ్గర మెలిపెట్టిన తీగని విప్పుతుంటే అరచెయ్యి చీరుకుంది. కొస తిన్నగా చేసి రంధ్రంలో పెట్టింది. జారింది. మళ్ళీ పెట్టింది. వంకరగా తగిలి ఆగింది. ఊపిరి బిగబట్టి, ఫోనులో ఉన్న ‘తిన్నగా’ అన్న ఆ ఒక్క మాటనే మనసులో పట్టుకుని నొక్కింది.

టక్కుమంది.

ఇస్త్రీపెట్టె నేలమీద, ఎవరిదో లంగా గుడ్డమీద బోర్లా పడి పొగలు కక్కుతోంది. పిల్ల బల్లకింద, ముక్కల గుడ్డల కుప్పలో కూర్చుని ఉంది. చప్పుడుకి జడుసుకుని నోరు తెరిచింది గానీ ఇంకా ఏడుపు రాలేదు. ఇస్త్రీపెట్టె తీగ ఇంకా దాని పిడికిట్లోనే ఉంది. ఒంటిమీద చిన్న మచ్చ కూడా లేదు.

కోడలు దాన్ని ఎత్తుకుని అలాగే కూలబడింది.

“ఎవత్తో గానీ చెల్లీ, ఇది రాసినదానికి పిల్లలుండరు. ఉంటే ఇంత సోది రాయదు” అంది అక్క ఎట్టకేలకు, ముక్కు చీదుకుంటూ.

కోడలు పిల్ల తల నిమిరింది. అప్పుడంది, “దీని తల్లే రాసిందక్కా.”

సాయంత్రం ఆ పేజీ ముందు కూర్చుంది. చరిత్ర తీసేసింది, అందాలు తీసేసింది, ఈమెయిల్ పెట్టె పీకి అవతల పారేసింది. తాళాలాయన తలుపు దగ్గరే నిలబడి చూశాడు.

“అంత తీసేస్తే ఫోను నీ పేజీని కిందికి తోసెయ్యదూ? ఇన్నాళ్ళ కష్టం.”

“తోస్తే తోయనీ. నువ్వు చెప్పు, ఇంట్లో దొరికేవాటితో చెప్పు. నీ సంచీతో కాదు.”

పేజీ గుప్పెడైంది. పొయ్యి, ఇస్త్రీపెట్టె ఉంటే ముందు కరెంటూ గ్యాసూ ఆపండి. పిల్లని తలుపు దగ్గరికి పిలిచి మాట్లాడుతూ ఉండండి. పిడి నడుమ రంధ్రం వెతకండి. ఇనుప హ్యాంగరు కొస తిన్నగా చేసి నొక్కండి. అంతే.

ఆ వారం పేజీ నిజంగానే కిందికి జారింది. కోడలు అన్నం సరిగ్గా తినలేదు. కొత్త అక్షరాలు కొట్టి వెతకడం మాత్రం మానలేదు. ఒకరోజు పేజీ అడుగున ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి ఒకే ఒక్క మాట రాసి వెళ్ళారు. ‘తెరుచుకుంది.’

అత్తగారికి చూపిస్తే, “ఇంతేనా? పేరైనా రాయలేదే” అంది. అని, మళ్ళీ ఒకసారి చూపించమని అడిగింది.

ఇది గుర్తుపెట్టుకో తల్లీ, పదిమందికీ చెప్పు. చెప్పేటప్పుడు మాత్రం నాలా ఊరంతా తిప్పి తీసుకురాకు. ముందు హ్యాంగరు సంగతి చెప్పెయ్యి, కథ తర్వాత తీరిగ్గా చెప్పుకోవచ్చు.