మలుపు దగ్గర బల్ల

నేను కొత్త కోడలిగా వచ్చేనాటికి మా వీధి మలుపులోని ఖాళీ జాగా ఒక చెత్తకుప్ప. విరిగిన బకెట్లు, చిరిగిన పరుపులు, ఎవరివో తెలియని చెప్పులు. అందరం ముక్కు మూసుకుని, తల దించుకుని దాటిపోయేవాళ్లం. పక్కింటావిడ ముఖం ఎలా ఉంటుందో నాకు చాలా నెలలు తెలియనే లేదు.

మా అత్తయ్య ఇంటి ముందుగదిలో బట్టలు కుట్టేది. బజారు నుంచి ఎత్తుదారి ఎక్కి వచ్చేసరికి ఆమె మోకాళ్లు మొరాయించేవి. ఒకరోజు సంచితో ఆ మలుపులోనే ఆగిపోయింది.

"కాసేపు కూలబడదామంటే ఇంత వీధిలో జానెడు చోటు లేదు కదే!" అంది, వెంట ఉన్న నాతో.

మర్నాడు పొద్దున్నే నా చేతికి చీపురిచ్చింది.

"మున్సిపాలిటీ వాళ్లున్నారు కదత్తయ్యా?"

"వాళ్లొచ్చేసరికి నీ మనవలకి పెళ్లిళ్లవుతాయి. పట్టు."

మేమిద్దరం తంటాలు పడుతుంటే చూడలేక ఎదురింటి మంగలి బాబాయి షాపు మూసి, పార పట్టుకొచ్చాడు. మధ్యాహ్నానికి నేల బయటపడింది. అత్తయ్య కుట్టుగదిలోని పాత కుర్చీ తెచ్చి అక్కడ వేసింది.

సాయంత్రానికి కుర్చీ మాయం.

తీసుకుపోయినవాళ్లను అత్తయ్య వీధంతా వినబడేలా దుమ్మెత్తిపోసింది. తెల్లారేసరికి కుర్చీ తిరిగొచ్చింది. ఊగే కాలికి కొత్త చెక్క బిగించి ఉంది. ఆ పనితనం ఎవరిదో ఆమె చూడగానే పోల్చుకుంది. వీధి చివర వడ్రంగి దుకాణం ఆమె సొంత అన్నయ్యదే. నాకు వరసకు పెదనాన్న. ఇల్లు పంచుకునేటప్పుడు మాటా మాటా పెరిగి, అన్నాచెల్లెళ్ల మధ్య ఏళ్ల తరబడి మాటల్లేవు.

ఆ వారంలోనే ఆయన ఒక పాత తలుపు భుజాన వేసుకొచ్చి, దానికి కాళ్లు బిగించి బల్ల చేశాడు.

"వంకరగా ఉందని చెప్పవే," అంది అత్తయ్య నాతో.

"వంకర బల్లది కాదు, నేలదని చెప్పమ్మా మీ అత్తకి," అన్నాడాయన, అదీ నాతోనే.

మధ్యలో నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యాను.

ఇళ్లలో మిగిలిన రంగులన్నీ తెచ్చి వెనక గోడకు పూశాం. ఏ రంగూ చాలక గోడ సగం నీలం, సగం పసుపు అయింది. ముసలివాళ్లు వచ్చి కూర్చోసాగారు. పక్కింటావిడ నవ్వితే బుగ్గ సొట్టపడుతుందని నాకు అక్కడే తెలిసింది.

అంతలో ఒకరోజు మున్సిపాలిటీ బండి వచ్చింది. అనుమతి లేదంటూ బల్లనూ కుర్చీనీ ఎత్తుకుపోయారు. అత్తయ్య వాళ్లను పల్లెత్తు మాట అనలేదు. లోపలికెళ్లి, కుట్టుమిషను ముందుండే స్టూలు తెచ్చుకుని అదే చోట కూర్చుంది. పక్కింటావిడ తన కుర్చీ తెచ్చింది. మంగలి బాబాయి షాపులోని తిరిగే కుర్చీని ఈడ్చుకొచ్చాడు. చివరికి పెదనాన్న పనిపీటతో వచ్చి చెల్లెలి ఎదుట నిలబడ్డాడు.

"ఇక్కడ వేసుకోనా?" నన్ను కాదు, ఆమెనే అడిగాడు.

"అడగాలా అన్నయ్యా?" అంటూ అత్తయ్య పక్కకు జరిగింది.

మర్నాడు మున్సిపాలిటీ సూపర్వైజరు వచ్చి, వీధిలో కొలువుదీరిన ఆ జనాన్ని చూసి తల పట్టుకున్నాడు. "గోడకి ఆనించి వేసుకోండి, దారికి అడ్డం లేకుండా," అని బల్లా కుర్చీ వెనక్కి పంపించాడు.

ఆ తర్వాత ఎన్ని సాయంత్రాలో! అన్నాచెల్లెళ్లు బల్లకు చెరో కొసనా కూర్చుని, చిన్నప్పటి తగవులన్నీ తవ్వుకుని పోట్లాడుకునేవారు. చీకటి పడినా లేచేవారు కాదు. అన్నం చల్లారిపోతోందని నేను కేకలేసేదాన్ని.

ఇప్పుడు ఇద్దరూ లేరు. వీధిని వెడల్పు చేసినప్పుడు ఆ మలుపు రోడ్డులో కలిసిపోయింది. నేనూ మంగలి బాబాయీ ఎదురుపడితే ఆ చోటనే నిలబడి మాట్లాడుకుంటాం. వెనక కార్లు హారన్లు మోగిస్తాయి.

"మోగించుకోనీలేమ్మా," అంటాడాయన.