కన్నానికి అభినందనలు

మా రేవులో పిల్లలు ఏం చదవాలో పిల్లలు నిర్ణయించరు. ఏ దేశానికి ఏ పనివాళ్ళు కావాలో ఆ దేశం నిర్ణయిస్తుంది. ఓడల మీదికి మనుషులు కావాలంటే వీధంతా ఓడ చదువు. ఆస్పత్రులకి కావాలంటే వీధంతా తెల్ల టోపీలు. చేపల బజారు సంఘం మీటింగుల్లో ఏళ్ళ తరబడి నేను అరుస్తున్న మాటే ఇది. ఎవరూ వినరు. వినలేదని మానెయ్యడం నా వల్ల కాదు.

మా చెల్లెలి కూతురు రోవెలిన్‌కి హైస్కూలు అయిపోయింది. సోమవారం కాలేజీలో చేరాలి. ఏ కోర్సులో అన్నది తేలలేదు. తేల్చడానికి ఆదివారం చర్చి నుంచి రాగానే వాళ్ళింట్లో కూర్చున్నాం. మధ్యలో పాన్సిత్ నూడుల్స్ పళ్ళెం. మా చెల్లెలు మాత్రం కొట్టు వదిలి రాలేదు, ఆదివారం గిరాకీ. "మీరే తేల్చండి, చేపలు కుళ్ళకపోతే నాకంతే చాలు" అని కబురు పెట్టింది.

"నర్సింగ్" అంది పూరింగ్. "ఇంక మాట్లాడేదేం లేదు. తినండి."

పూరింగ్ పిల్లకి మేనత్త. జెద్దాలో ఆస్పత్రి పని చేసి చేసి, పాదాలు వాచిపోయి ఇంటికొచ్చి, ఈ ఇంటి మీద ఇంకో అంతస్తు లేపింది. ఎవరేమన్నా వేలు పైకి చూపిస్తుంది. ఆ అంతస్తే ఆమె వాదన.

"లా" అన్నాను నేను. "ఒక్క వకీలు లేక మా సంఘం చస్తోంది."

"నీ సంఘానికి వకీలు కావాలని పిల్లని ముసలిదయ్యేదాకా చదివిస్తావా వదినా? అప్పటికి నువ్వుంటావా?"

"ఉంటాను. నిన్ను పంపించి మరీ ఉంటాను."

పిల్ల తండ్రి టాసియో పడవ మనిషి. నోట్లో తిండి ఉంటే మాట్లాడడు. ఎవరి వైపూ మాట్లాడకుండా ఉండాలంటే తింటూనే ఉండాలని అతనికి బాగా తెలుసు. అందుకే ఆ రోజు తింటూనే ఉన్నాడు.

"నన్నెవరైనా అడుగుతారా?" అంది రోవెలిన్.

"అడుగుతూనే ఉన్నాంగా! నర్సింగా, లానా?" అన్నాను.

"ఐసు మిషన్లు."

పళ్ళెం దగ్గర చేతులు ఆగాయి. టాసియో చెయ్యి తప్ప.

"రిఫ్రిజిరేషన్ అత్తా. మన సర్కారు కాలేజీలోనే ఉంది."

"ఫ్రిజ్జులు బాగుచేసేవాడి చదువా!" పూరింగ్ గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఆడపిల్లవి, స్క్రూడ్రైవరు పట్టుకుని జనం ఇళ్ళకి వెనక గుమ్మంలోంచి వెళ్తావుటే?"

"జెద్దాలో నువ్వు ముందు గుమ్మంలోంచి వెళ్ళావా అత్తా?"

నాకు నవ్వాగలేదు.

"నవ్వకు వదినా. ఇదంతా నీ పెంపకమే."

"మొన్న సీజన్లో ఏమైంది?" అంది రోవెలిన్. "ఐసు ఫ్యాక్టరీలో మిషను ఆగింది. నగరం నుంచి మెకానిక్కు దిగేసరికి రేవంతా కంపు. అతను మిషను విప్పుతుంటే పక్కనే కూర్చున్నాను. లేవబుద్ధి కాలేదు. నీ కాళ్ళకి వేణ్ణీళ్ళ కాపడం పెడుతుంటే అలా అనిపించదత్తా. పెడతాను, రోజూ పెడతాను. కానీ అనిపించదు."

పూరింగ్ తన కాళ్ళకేసి చూసుకుంది. అంతలో బయట సుత్తి చప్పుడు.

"ఇప్పుడేమనుకుని ఏం లాభం?" అంది. "వెళ్ళి చూసుకో."

వీధికి అడ్డంగా పూరింగ్ ముందే చేయించి పెట్టిన ఫ్లెక్సీ. స్కూలు ఫోటోలో రోవెలిన్ మొహం, ఆ మొహం మీద ప్రింటింగు కుర్రాడు అతికించిన తెల్ల టోపీ. 'మా కాబోయే నర్సు రోవెలిన్‌కి అభినందనలు.' పక్కనే దానికి రెండింతలు సైజులో ఓట్లేసి మేం గెలిపించిన మా పేట పెద్ద, కెప్టెన్ బర్నబే, బొటనవేలెత్తి పళ్ళికిలిస్తూ. ఆయన ఒక్క పెసో కూడా ఇచ్చి ఉండడు. కానీ ఆయన మొహం లేకుండా మా వీధిలో అభినందన అంటూ ఉండదు.

అప్పుడే ఎదురింటి ముసలావిడ నిడా చెయ్యి చాపుకుని వచ్చేసింది. "బీపీ చూడవే తల్లీ."

"ఇంకా చేరలేదు అవ్వా!"

"చేరాక నీకు తీరికుండదు. ఇప్పుడే చూసెయ్."

రోవెలిన్ నన్ను పక్కకి లాగింది. నా చెవిలో అంది: "ఇది రేపటిదాకా ఉందంటే నేను నర్సునైపోతాను పెద్దమ్మా. ఊరంతా నర్సని పిలిచాక కాదనడం నాకు చేత కాదు."

"దింపెయ్యండి దాన్ని!" అని అరిచాను.

ఎవరూ కదల్లేదు. కెప్టెన్ మొహాన్ని దింపినవాడికి రేపు ఏ కాగితం మీదా ఆయన సంతకం పడదు. ఆయనకి కోపం వచ్చినప్పుడల్లా పెన్ను కనపడదు. నేనే ఎక్కుదామనుకున్నాను. నోరు సిద్ధంగా ఉంది, మోకాళ్ళు లేవు.

రోవెలిన్ లోపలికెళ్ళి చేపలు కోసే కత్తితో వచ్చింది. టాసియో పళ్ళెం కింద పెట్టాడు. పక్కింటి నిచ్చెన తెచ్చి గోడకి ఆనించి, రెండు చేతులా పట్టుకున్నాడు.

"నువ్వు కూడానా తమ్ముడూ!" అంది పూరింగ్.

"కుళ్ళినవి నా పడవలో చేపలేనక్కా" అన్నాడు. ఆ రోజు అతని నోటి నుంచి వచ్చింది ఆ ఒక్క మాటే.

పిల్ల పైకెక్కి, చేప పొట్ట చీరినంత తేలిగ్గా కత్తి దించింది. గడ్డం కింద మొదలుపెట్టి, టోపీ చుట్టూ తిప్పి, 'మా కాబోయే నర్సు' కూడా కలుపుకుని, తన పేరు దాకా కోసుకుని దిగింది. కెప్టెన్ వెంట్రుక్కి కూడా కత్తి తగల్లేదు. ఫ్లెక్సీ మీద మిగిలింది ఆయనా, 'అభినందనలు', మధ్యలో ఇంత కన్నం. కన్నంలోంచి నిడా ఆరేసుకున్న లంగాలు.

ఇంతలో కెప్టెన్ మోటారుసైకిలు మీద రానే వచ్చాడు. తలెత్తి చూశాడు. తను బొటనవేలెత్తి లంగాల్ని అభినందిస్తున్నాడు.

"ఏంటిది?"

"మిమ్మల్ని ముట్టుకోలేదు కెప్టెన్‌గారూ" అంది రోవెలిన్, కత్తి వెనక దాచుకుని.

ఆయన అటు నుంచి చూశాడు, ఇటు నుంచి చూశాడు. "నా మొహం బాగానే ఉందిగా" అనుకుని వెళ్ళిపోయాడు. అలాంటి వాళ్ళని మనం గెలిపిస్తున్నాం, అది వేరే మీటింగు.

సోమవారం పిల్ల తండ్రిని వెంటబెట్టుకుని వెళ్ళి ఐసు మిషన్ల కోర్సులో చేరింది. కోసిన ముక్కని వాళ్ళమ్మ ఐసు పెట్టె మూతకి మేకులు కొట్టి బిగించింది. టోపీ పెట్టుకున్న నర్సు ఇప్పుడు మా బజారులో ఎండ తగలకుండా ఐసుని కాపాడుతోంది.

పూరింగ్ మూతి ముడుచుకుని మా ఎవరితోనూ మాట్లాడలేదు. చివరికి ఒకరోజు కుంటుకుంటూ మా చెల్లెలి కొట్టుకి వచ్చింది. చేపల్ని నొక్కి నొక్కి చూసింది. కొనలేదు. ఐసు పెట్టె దగ్గరున్న రోవెలిన్ వైపు తిరిగింది.

"ఏమే, ఆ ఐసు మిషన్లవాళ్ళు ఏం టోపీ పెట్టుకుంటారు?"

"టోపీ ఉండదత్తా. ఎందుకు?"

"ఫ్లెక్సీ కుర్రాడు అడుగుతున్నాడు. టోపీ లేకపోతే నువ్వేం చదువుతున్నావో జనానికెలా తెలుస్తుందే?" ఇంకో చేపని తిరగేసి పెట్టింది. "పోనీ, చేతిలో స్క్రూడ్రైవరు పెట్టిస్తాను. పెద్దది."

"కెప్టెన్ కంటే పెద్దది పెట్టించు" అన్నాను.