కత్తెర గుర్తుకు పడ్డ ఒక్క ఓటు

ఆ ఇంట్లో రోజూ పొద్దున టీతో పాటు ఒక మాట కూడా వడ్డన అయ్యేది. గ్లాసు మొగుడి ముందు పెడుతూ టైలరమ్మ, "ఇదిగో, నాకు ఓటెయ్యని మహానుభావుడికి టీ," అనేది. ఆయన గ్లాసు అందుకుని, "వేశానే తల్లీ," అనేవాడు. పద్నాలుగేళ్ళుగా ఇదే వరస.

పద్నాలుగేళ్ళ కిందట ఆవిడ మునిసిపల్ ఎన్నికల్లో తమ వార్డు నుంచి నిలబడింది. గుర్తు కత్తెర. వీధిలో సగం మందికి గౌన్లు కుట్టి, మిగతా సగం మందికి ప్యాంట్ల కాళ్ళు పొట్టి చేసిపెట్టిన మనిషి, కొలతలిచ్చిన వాళ్ళైనా ఓట్లేస్తారనుకుంది. తీరా పెట్టెలు విప్పి ఎంచితే ఒక్కటంటే ఒక్క ఓటు. ఇంట్లో ఉన్నవి రెండు. తన ఓటు తను వేసుకుంది కాబట్టి, ఎగ్గొట్టింది మొగుడే. లెక్క అంత తేలిక.

పైగా ఆ మొగుడు బోర్డులు రాసే పెయింటరు. పెళ్ళాం నామినేషన్ వెయ్యకముందే ఒప్పుకున్న పని కదా అని, ఎదుటివాడి గొడుగు గుర్తు నలభై గోడల మీద వేసిపెట్టాడు. మామూలుగా వేశాడా? ఎండలో వెళ్ళేవాళ్ళకి దాని కిందికెళ్ళి కాసేపు నిలబడాలనిపించేలా వేశాడు. కత్తెర దగ్గరికొచ్చేసరికి వార్డులో గోడలు మిగల్లేదు.

దాంతో ఆయన నోరు శాశ్వతంగా మూతపడింది. కూరలో ఉప్పు తక్కువైందంటే, "నాకు ఓటు తక్కువైనప్పుడు నేనేమన్నా అన్నానా?" అనేది. గొడుగు తీసుకుని బయల్దేరితే, "దాన్ని మాత్రం మర్చిపోవులే," అనేది. నవ్వుతూనే అనేది కానీ, ఆ నవ్వు కింద మానని పుండొకటి ఉండేది. ఊరంతా వెయ్యకపోయినా ఆవిడ సర్దుకునేదే. పక్కన పడుకునే మనిషి నమ్మలేదన్నదే ఆవిడ బాధ.

ఇలా ఉండగా ఒకరోజు మునిసిపల్ ఆఫీసు గోడ మీద నోటీసు అంటించారు. ఆనాటి ఎన్నికల కాగితాలన్నీ నెలాఖరుకి గుజ్జు చేసేస్తారట, నకళ్ళు కావలసిన వాళ్ళు ఈలోపే దరఖాస్తు పెట్టుకోవాలట. పెయింటరు ఆ కబురు మోసుకొచ్చాడు.

"వెళ్ళి నీ కళ్ళతో చూసుకో. తర్వాత నన్ను ఉరి తీసినా అడగను."

"చూడ్డానికేముంది? తెలిసిందేగా," అంది కానీ, ఆవిడకి వెళ్ళాలని లేదు. దెప్పడం వేరు, కాగితం మీద చూడ్డం వేరు. దెప్పినన్నాళ్ళూ, ఏమో, ఈయన చెప్పేదే నిజమేమో అన్న ఆశ ఓ మూల ఉండేది. కాగితం చూశాక ఆ ఆశ కూడా ఉండదు.

అయినా మర్నాడు కుట్టుమిషను మీద గుడ్డ కప్పి బయల్దేరింది. మొదటి కౌంటర్లో దరఖాస్తు ఫారం ఇచ్చారు. రెండో కౌంటర్లో అది పాత ఫారం అన్నారు. మూడో కౌంటర్లో పాతదే సరైనదన్నారు. చివరికి మెట్ల కింద ఉన్న రికార్డు రూము చేరేసరికి పదకొండు దాటింది. అక్కడ, విరిగిన కళ్ళద్దాల కాడని పురికొసతో కట్టుకున్న గుమాస్తా, దరఖాస్తు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఆనాటి లెక్క కావాలా అమ్మా, ఈనాటి లెక్క కావాలా?"

ఆ ఊళ్ళో ఇది అందరికీ తెలిసిన సంగతే. ఓటేసిన మనిషి మనసు మార్చుకుంటే, బీరువాలో ఉన్న ఆ కాగితం కూడా లేచి, ఒక కట్టలోంచి ఇంకో కట్టలోకి వెళ్ళిపోతుంది. కౌన్సిలరు కుర్చీ మాత్రం మొదటిరోజు లెక్క ప్రకారమే. అందుకే నకలు మీద తేదీతో పాటు గంట కూడా వేస్తారు.

"ఆనాటిది," అంది టైలరమ్మ. "నాకు ఇంకో ఓటు పడిందో లేదో తేలాలి."

గుమాస్తా రిజిస్టరు తీశాడు. గొడుగు తొమ్మిది వందల రెండు. కత్తెర ఒకటి. చెల్లనివి తొమ్మిది.

"ఒకటే," అంది ఆవిడ. "నాదే అది. తేలిపోయిందిగా. రాసిచ్చేయండి."

"రాసిస్తాను గానీ, అభ్యర్థి చెల్లనివి కూడా చూసుకుని సంతకం పెట్టాలమ్మా. పెట్టకపోతే పైవాళ్ళు నన్ను తినేస్తారు," అంటూ తొమ్మిది కాగితాలు బల్ల మీద పరిచాడు.

ఒకడు రెండు గుర్తుల మీదా ముద్ర వేశాడు. ఒకడు వెనకవైపు వేశాడు. ఇంకెవరో ముద్ర మానేసి, తమ వీధి లైటు వెలగడం లేదని ఫిర్యాదు రాసి మడిచారు. టైలరమ్మ ఏడవబోయేదల్లా ఫక్కున నవ్వింది. ఆరో కాగితం దగ్గర ఆ నవ్వు ఆగిపోయింది.

ముద్ర గొడుగు మీదా లేదు, కత్తెర మీదా లేదు. రెంటికీ మధ్యనున్న గీత మీద, వెంట్రుకవాసి అటూ ఇటూ కాకుండా పడింది. కాగితం మడత చూస్తే, అంచున పావంగుళం వదిలి మడిచి ఉంది. కాగితాన్ని గౌను అంచులా ఎవరూ అలా మడవరు, ఆవిడ తప్ప.

ఆరోజు బూత్‌లో ఆవిడకి ధైర్యం చాల్లేదు. నేనేంటి, కౌన్సిలరేంటి, నాకెవరు వేస్తారు అనుకుంటూ ముద్ర పట్టుకుంది. తల పని చెయ్యనప్పుడు చేతులు వాటికి అలవాటైన పని చేసుకుపోతాయి. సుద్దముక్కతో ఎన్నో వేల సార్లు గుర్తు పెట్టినట్టే, సరిగ్గా కుట్టు గీత మీద గుర్తు పెట్టేసి వచ్చింది.

"బాబూ," అంది నెమ్మదిగా, "ఇది నాది."

"అయ్యో రామా," అన్నాడు గుమాస్తా. "అయితే ఆ ఒక్కటీ ఎవరిది?"

ఎవరిదో ఆవిడకి తెలిసిపోయింది. కానీ వెంటనే ఇంకో భయం పట్టుకుంది. వేశాడు సరే. పద్నాలుగేళ్ళు రోజూ పొద్దున్నే అన్ని మాటలు పడ్డాక, ఆ ఓటు ఇంకా అక్కడే ఉంటుందా? రాయైనా కదులుతుందే!

"ఈనాటి లెక్క కూడా చూపిస్తారా?"

గుమాస్తా బీరువా తలుపు తీశాడు. గొడుగు కట్ట చిక్కి సగమైంది. కత్తెర కట్ట రెండు చేతులా పట్టుకుంటే గానీ రాలేదు. "మీ వార్డులో వానకి డ్రైనేజీ పొంగిందంటే చాలు, మర్నాడు ఇక్కడ నేలంతా కాగితాలే," అన్నాడు. "కొన్ని దారి మధ్యలో తచ్చాడుతుంటాయి. ఎటు మొహం పెట్టి ఉంటే అటు చేరుస్తాను." ఇద్దరూ కూర్చుని ఎంచారు. కత్తెర ఐదు వందల ఎనభై ఎనిమిది, గొడుగు మూడు వందల పదిహేను.

టైలరమ్మ ఆ అంకె వినిపించుకోలేదు. కట్ట అడుగుకి వెళ్ళింది. అన్నిటికంటే కింద, పసుపెక్కిన కాగితం ఒకటుంది. దాని మూల నీలం రంగు వేలిముద్ర. టర్పెంటైన్‌తో ఎంత రుద్దినా వదలని ఆ నీలాన్ని ఆవిడ ఎన్ని దిండుగలీబుల మీద ఉతికిందో! కాగితం అంచున పురికొస ఒరుసుకుని లోతుగా గాటు పడి ఉంది.

"ఇదొక్కటి మాత్రం మొదట్నుంచీ కదల్లేదమ్మా," అన్నాడు గుమాస్తా. "పక్కన ఇంకోటి లేని రోజుల్లో దీన్నొక్కదాన్నే కట్ట కట్టేవాణ్ణి. ఒక్క కాగితానికి కట్టేంటని మావాళ్ళు నవ్వేవాళ్ళు."

టైలరమ్మ చీర కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చింది. సిగ్గుతో కొంత, సంతోషంతో కొంత. గుమాస్తా మర్యాదగా కిటికీ వైపు తిరిగి, నకలు రాయడం మొదలుపెట్టాడు. రాస్తూ రాస్తూ ఆగాడు.

"ఇదేంటమ్మా, చెల్లనివి ఎనిమిదే ఉన్నాయి?"

అంచున పావంగుళం వదిలి మడిచిన కాగితం కత్తెర కట్ట మీదికెక్కి కూర్చుంది. ముద్ర గీత దాటి, నిండుగా కత్తెర మీద ఉంది.

"కాస్త ముందే తేల్చుకోకూడదటమ్మా? కొట్టివేతలున్న నకలు చెల్లదు," అని గొణుక్కుంటూ గుమాస్తా ఇంకో కాగితం తీశాడు. కత్తెర ఐదు వందల ఎనభై తొమ్మిది, ఉదయం పదకొండు నలభై.

మళ్ళీ వచ్చిన మునిసిపల్ ఎన్నికలకి నామినేషన్ల గడువు ఇంకా నాలుగు రోజులుంది. ఆ ఫారం పక్క కౌంటర్లోనే ఇస్తారు. ఈసారి అది పాతదో కొత్తదో ఆవిడే వాళ్ళని గట్టిగా అడిగి తెలుసుకుంది.

ఇంటికొచ్చేసరికి పెయింటరు గుమ్మంలో కుంచెలు కడుగుతున్నాడు. ఆవిడ మొహం చూసి లేచి నిలబడ్డాడు.

"చూశానయ్యా," అంది. "ఆ ఒక్కటీ నీదే. నాది చెల్లలేదు. గీత మీద వేశాను."

ఆయన చేతిలోని కుంచెలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. పద్నాలుగేళ్ళలో మొదటిసారి ఆయనకి కోపం వస్తుందేమోనని ఆవిడ ఎదురుచూసింది. వస్తే పడదామని కూడా నిశ్చయించుకుంది.

"మరి ఇన్నాళ్ళూ నన్నన్న మాటలో?"

"వెనక్కి తీసుకుంటున్నాను."

"అన్నీనా?"

"ఓటు గురించి అన్నవి. మిగతావి ఉండనీ." చేతిలోని ఫారం ఆయనకి చూపించింది. "మళ్ళీ నిలబడుతున్నా. ప్రతిపాదించేవాళ్ళ సంతకం కావాలట. పెడతావా?"

ఆయన చేతులు లుంగీకి తుడుచుకుని, సంతకం పెట్టి, సిరా ఆరేదాకా ఊదాడు.

"పెట్టాను. ఈసారన్నా నీ ఓటు నీకు వేసుకో."