అత్తగారికి యుద్ధనౌక ఎందుకు

మా గ్రూపులో ఒక నియమం ఉంది. ఏ రాజ్యానికీ, ఏ సైన్యానికీ చెందని స్వతంత్ర పాత్రలకి రెండు పడకల పడవ కంటే పెద్ద ఓడ ఉండకూడదు. ఆ నియమం రాసింది నేనే. దానిమీద ఎవరైనా నోరెత్తితే ఒంటికాలి మీద లేచేదీ నేనే.

గ్రూపంటే మరేం కాదు, ఫోన్లో రాసుకుంటూ ఆడుకునే అంతరిక్షం ఆట. ఎవరికి వాళ్ళు ఒక పాత్ర పెట్టుకుని, ఆ పాత్ర ఏం చేసిందో, ఏమందో వంతులవారీగా రాస్తూ పోవాలి. లిఫ్టులు బాగుచేసే మెకానిక్ మాలో గజదొంగ. ఆస్పత్రి నర్సు ఒక సామ్రాజ్యానికి మహారాణి. డ్రిల్లు మాస్టారు ఎవరికీ అర్థంకాని మరమనిషి. నేను పగలంతా కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాను, సాయంత్రం కాగానే గ్రహాల కూటమికి మహా సేనాధిపతినవుతాను. "కొంచెం వదులుగా ఉంది బాబూ" అంటూ నాకు ముక్కు చూపించేవాళ్ళకి నా కింద ఎన్ని ఓడలున్నాయో తెలియదు పాపం.

నియమం ఊరికే పెట్టలేదు. ఒకప్పుడు ఒక కొత్త సభ్యుడు, ఏ రాజ్యానికీ చెందనని చెప్పుకుంటూ, చందమామంత ఓడ వేసుకుని వచ్చాడు. మొదటి సాయంత్రమే మా గ్రహాలన్నీ పేల్చేసి, "ఇప్పుడేం చేద్దాం?" అని అడిగాడు. చేయడానికి ఏముంది, అందరం చచ్చిపోయి ఉన్నాం. అతన్ని సాగనంపి విశ్వాన్ని మళ్ళీ మొదలుపెట్టేసరికి నా తల ప్రాణం తోకకి వచ్చింది.

అలాంటి గ్రూపులోకి మా అత్తగారు వచ్చారు.

ఆవిడ అద్దెకున్న ఇల్లు యజమానికి అవసరమై ఖాళీ చేయమంటే, చలికాలం మొదట్లో మా ఇంటికి వచ్చేశారు. మాది రెండు గదులూ, ఒక హాలూ ఉన్న ఇల్లు. ఒక గదిలో నేనూ, నా భార్యా పడుకుంటాం. రెండోదాన్ని నేను కార్ఖానా అంటాను. అందులో ఇంటికి తెచ్చుకున్న షాపు పని, కంప్యూటరు, నా కుర్చీ ఉండేవి. తలుపు మీద "అడగనిదే రావద్దు" అని గుండ్రటి అక్షరాలతో రాసి అంటించాను. అత్తగారి మంచం హాల్లో వేశాం. మంచానికి తలవైపు ఇస్త్రీ బల్ల, కాళ్ళవైపు నా సైకిలు. వీధి తలుపు నుంచి వంటింట్లోకి వెళ్ళాలన్నా, గదిలోంచి బాత్రూముకి వెళ్ళాలన్నా ఆ మంచాన్ని రాసుకుంటూ పోవలసిందే. ఎవరు వెళ్ళినా ఆవిడ కాళ్ళు ముడుచుకునేవారు. ఇబ్బందిగా ఉందా అని అడిగితే, "నాకేం ఇబ్బంది, సర్దుకుంటాను" అనేవారు. ఆ మాట నేను నమ్మేశాను. నమ్మితే నాకు సుఖం మరి.

ఒకరోజు బఠాణీలు ఒలుస్తూ అడిగారు. "అల్లుడుగారూ, ఆ గదిలో కూర్చుని మీలో మీరే నవ్వుకుంటారు, ఉండుండి ఎవరినో తిడతారు. ఏం చేస్తుంటారు లోపల?"

ఆట గురించి ఎవరైనా అడిగితే నాకు పూనకమే. గ్రహాలు, యుద్ధాలు, నియమాలు గుక్క తిప్పుకోకుండా చెప్పాను. అన్నిటికీ ఊఁ కొట్టి, ఒక్క నియమం దగ్గర మాత్రం ఆగారు.

"ఒకరి ఓడలోకి ఇంకొకరు, వాళ్ళు రమ్మనకుండా రాకూడదా?"

"రాకూడదండీ. వచ్చినట్టు రాయకూడదు. మా మొట్టమొదటి నియమం అదే."

"ఎవరైనా సరేనా? సేనాధిపతైనా?"

"ఎవరైనా సరే."

"అయితే నన్నూ చేర్చుకోండి" అన్నారు.

నేను పొంగిపోయి ఆవిడకోసం ఒక ముద్దొచ్చే పడవ తయారుచేశాను. రెండు పడకలు, ఒక కిటికీ. ఆవిడ వద్దని, తనది తానే రాసుకుంటానన్నారు. మర్నాడు సాయంత్రం గ్రూపులో ఇలా పడింది:

"నేను ఏ రాజ్యానికీ చెందను. నా ఓడ పేరు గుమ్మడికాయ. ఇది యుద్ధనౌక. ఈ చివర నుంచి ఆ చివరికి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరతారు. ఫిరంగులు చాలా ఉన్నాయి. గదులు ఇంకా చాలా ఉన్నాయి."

చదవగానే అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి హాల్లోకి వెళ్ళాను.

"అత్తయ్యగారూ, ఒంటరి మనిషికి అంత ఓడ ఇవ్వరండీ."

"ఇంకొకరు ఇవ్వడమేమిటి? నేనే రాసుకున్నాను కదా."

"అలా కాదు. అంత ఓడ నడవాలంటే వెనకాల ఒక రాజ్యం ఉండాలి. లేకపోతే ఇంధనం ఎవరు పోస్తారు?"

"మీ ఓడలకి ఎవరు పోస్తున్నారు?"

"మా కూటమి పోస్తుంది."

"ఆ కూటమి ఎక్కడిది?"

"నేనే రాశాను" అన్నాను, గొంతు తగ్గించి.

"అలాగే నేనూ రాస్తాను లెండి" అన్నారు ఆవిడ, కాస్త ఓదార్పుగా.

గ్రూపులో చర్చ పెట్టాను. నర్సు "పోనిద్దురూ, పెద్దావిడ ముచ్చట పడుతున్నారు" అంది. మెకానిక్ తన గజదొంగతనం మానేసి ఆ ఓడలో లిఫ్టులు చూసుకునే ఉద్యోగంలో చేరతానన్నాడు. డ్రిల్లు మాస్టారు నియమం నియమమేనని, అయినా నియమాలు మనుషుల కోసమేనని, అలాగని మనుషులు నియమాలు మీరకూడదని రాసి, గోడమీద పిల్లిలా కూర్చున్నాడు. నా భార్య గ్రూపులో లేదు కాబట్టి ఎదురుగానే అడిగింది.

"అమ్మకి ఓడ ఉంటే మీకేం పోయిందండీ?"

"నాకు పోవడం కాదు. ఒక్క మనిషి చేతిలో అంత బలం ఉంటే మిగతావాళ్ళు ఆడేదేముంటుంది?"

"ఆవిడ చేతిలో బలం ఉందంటున్నారా?" అని నవ్వి వెళ్ళిపోయింది.

చివరికి పరీక్ష పెడదామన్నాం. శనివారం సాయంత్రం నా నౌకాదళం గుమ్మడికాయ మీదికి వెళ్తుంది. ఆవిడ ఆ చందమామ పెద్దమనిషిలా అందరినీ పేల్చేస్తే ఓడ పోతుంది. పద్ధతిగా ఆడితే ఉంటుంది. ఆవిడ పేల్చేస్తారనే నా నమ్మకం. చేతికి అన్ని ఫిరంగులిస్తే నేనైతే పేల్చేవాణ్ణి.

శనివారం కార్ఖానాలో తలుపేసుకుని మొదలుపెట్టాను. నా ఓడలన్నీ గుమ్మడికాయని చుట్టుముట్టాయి. "లొంగిపోండి" అని రాశాను.

"గుమ్మడికాయ ఆగింది. చాలా దూరం నుంచి వచ్చినట్టున్నారు, అలిసిపోయి ఉంటారు" అని జవాబు.

కాల్పులు జరిపాను. "ఎడమవైపు రెండు మెట్లు విరిగాయి. బాగుచేయిస్తున్నాను" అని రాశారు. మళ్ళీ కాల్చాను. "ఒక కిటికీ పోయింది. చలిగాలి కొడుతోంది, దుప్పటి కట్టాం" అన్నారు. తగిలిన ప్రతి దెబ్బా ఒప్పుకున్నారు. మా గ్రూపులో ఎవరూ అంత నిజాయితీగా దెబ్బలు తినలేదు, నాతో సహా.

"ఫిరంగులు పేల్చరేంటండీ?" అని మెకానిక్ ఉండబట్టలేక అడిగాడు.

"మా ఓడలో చంటిపిల్లలు నిద్రపోతున్నారు బాబూ" అని జవాబు వచ్చింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. కొడితే కొట్టాలి, లేకపోతే ఏడవాలి, ఇదేం యుద్ధం? విసురుగా రాసేశాను: "మహా సేనాధిపతి తన సైనికులతో గుమ్మడికాయ తలుపు పగలగొట్టి లోపలికి దూకాడు. గదులన్నీ దాటుకుంటూ నేరుగా యజమానురాలి మంచం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు."

పంపించేసి, దాహమేసి, మంచినీళ్ళ కోసం హాల్లోంచి వంటింట్లోకి నడిచాను. అత్తగారు ఫోన్లోంచి తలెత్తకుండానే కాళ్ళు ముడుచుకున్నారు. సీసా నింపుకుని తిరిగొస్తుంటే మళ్ళీ ముడుచుకున్నారు. గదిలోకి వచ్చి చూస్తే ఆవిడ జవాబు ఉంది.

"ఈ ఓడ నాది. నేను రమ్మనలేదు. బయటికి వెళ్ళి తలుపు కొట్టండి."

తర్వాత నర్సు మా మొట్టమొదటి నియమాన్ని వెతికి తెచ్చి, ఏమీ అనకుండా అక్కడ పెట్టింది. దాని కింద, రాసినవారు అన్నచోట, నా పేరే ఉంది. ఇన్నాళ్ళూ అందరికీ పాఠాలు చెప్పినవాణ్ణి, తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. చేసేదిలేక, నా సైన్యం వెనక్కి నడిచి, పగలగొట్టిన తలుపు మళ్ళీ బిగించి, బయట నిలబడి తట్టింది.

"ఎవరూ?" అన్నారు ఆవిడ.

"నేనండీ" అన్నాడు గ్రహాల కూటమి మహా సేనాధిపతి.

"ఉండండి, వస్తున్నాను."

చాలాసేపు రాలేదు. డ్రిల్లు మాస్టారు కూడా గోడ దిగి ఆవిడ పక్షానికి వెళ్ళిపోయాడు. ఓడ ఆవిడదేనని అందరూ తేల్చేశారు.

ఉక్రోషం పట్టలేక హాల్లోకి వచ్చాను. "అంతా బాగానే ఉంది అత్తయ్యగారూ. ఆ నియమం రెండు పడకల పడవకీ ఉంది. దానికీ తలుపుంటుంది. దాంట్లోకీ ఎవరూ చెప్పకుండా రారు. మరి ఇంత ఓడ ఎందుకు మీకు?"

నా భార్య ఉతికిన బట్టలు మోసుకుంటూ మధ్యలోంచి వెళ్తోంది. అత్తగారు కాళ్ళు ముడుచుకుని దారిచ్చారు.

"తలుపుంటుంది, నిజమే. కానీ రేపు మీరు, అమ్మాయి నన్ను చూడ్డానికొస్తే ఆ పడవలో ఎక్కడ కూర్చోబెట్టను? ఎక్కడున్నా నేను సర్దుకుంటూనే వచ్చాను అల్లుడుగారూ, అలవాటైపోయింది. నా దగ్గరికి వచ్చినవాళ్ళు మాత్రం సర్దుకోకూడదు."

నిష్ఠూరంగా అనలేదు. అడిగారు కాబట్టి చెప్పానన్నట్టు చెప్పారు. నాకు చాలా సిగ్గేసింది. నా భార్య బట్టలతో అక్కడే ఆగిపోయి, నా కార్ఖానా తలుపు వైపు, దానిమీది గుండ్రటి అక్షరాల వైపు చూస్తూ నిలబడింది.

మర్నాడు గది ఖాళీ చేశాను. కంప్యూటరు ఇస్త్రీ బల్ల మీదికి వచ్చింది, అత్తగారి మంచం లోపలికి వెళ్ళింది. తలుపు మీది కాగితం పీకబోతుంటే, "అది ఉండనివ్వండి, అక్షరాలు బాగున్నాయి" అన్నారు.

నాలో సేనాధిపతి ఇంకా పూర్తిగా చావలేదు. "ఎలాగూ గది వచ్చింది కదండీ, మరి ఆ ఓడ..." అని నసిగాను.

"గది గదే, ఓడ ఓడే" అన్నారు.

ఓడల నియమం మార్చి రాశాను. ఇప్పుడు హాల్లో సైకిలు పక్కన కూర్చుని యుద్ధాలు చేస్తుంటాను. నా భార్య వంటింట్లోకి వెళ్తుంటే కాళ్ళు ముడుచుకుంటాను, ఎంత పెద్ద దాడి మధ్యలో ఉన్నా సరే.

మొన్న సాయంత్రం చిన్న స్క్రూడ్రైవర్ ఆ గది సొరుగులో ఉండిపోయిందని గుర్తొచ్చి, అలవాటుకొద్దీ గడియ మీద చెయ్యి వేసి, మళ్ళీ తీసేసి, తలుపు తట్టాను.

"ఎవరూ?"

"నేనండీ."

"ఉండండి, వస్తున్నాను."

నిలబడ్డాను. కాసేపటికి తలుపు తెరుచుకుంది. మంచాన్ని గోడవారకి జరిపి, కిటికీ దగ్గర రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసి ఉన్నాయి. ఆ గది నా చేతిలో ఉన్నన్నాళ్ళూ అందులో ఉన్నది ఒకే కుర్చీ. రెండోది వేయాలని నాకెప్పుడూ తోచలేదు.

"రండి, కూర్చోండి" అన్నారు. కుర్చీ అంచున కూర్చున్నాను. ఆవిడ నా మోకాళ్ళ వైపు చూశారు.

"కాళ్ళు చాపుకోండి అల్లుడుగారూ, చోటుంది."